ఎడమచేతి కుట్టు

నేను కుట్టేదాన్ని. మిషను ఎక్కితే బట్టలు కుడతాను, మిషను దిగితే మాటలతో కుడతాను. మా ఊరి పేరే అక్కో, ఇక్కడ నన్ను అక్కా అనని ఆడమనిషి లేదు. కొందరు నా సూదికి మురిసి అంటారు, కొందరు నా నోటికి జడిసి అంటారు. మా అమ్మ ఫ్రేహా మాత్రం నన్ను తిరగేసి కుట్టినట్టు ఉండేది. నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ. సముద్రం గోడకి రెండు సందులివతల మా కొట్టు. అందులో అమ్మది కిటికీ పక్క కుర్చీ, నాది గుమ్మం పక్క కుర్చీ. "నువ్వు వీధిని నవ్వించుకో ఈవెట్, నేను వెలుతురు చూసుకుంటా" అనేది.

ఆ వసంతం సంగతి చెప్పాలంటే చలికాలంలో ఒక పొద్దుటి దగ్గర మొదలెట్టాలి.

మా చెల్లెలు సిగాల్ నాకన్నా పదమూడేళ్లు చిన్నది. బళ్లో లెక్కలు చెబుతుంది. నాన్న లేడు కాబట్టి అమ్మా నేనూ కలిసి పెంచాం దాన్ని. దానికి గాదీతో పెళ్లి కుదిరింది. వారాల పండుగ వెళ్లాక, వేసవి మొదట్లో పెళ్లి. అది ఎంచుకున్న పెళ్లి గౌనుకి చేతుల్లేవు. చేతుల్లేని గౌను చూడ్డానికి పెళ్లి చేయించే రబ్బీగారికి కళ్లు లేవు. పందిరి కింద భుజాలు కప్పుకోవాల్సిందే. అందుకని అమ్మ ఒక పొట్టి తెల్లకోటు కుట్టింది. మెత్తటి ఉన్ని, సన్నటి కాలరు, ముందు చిన్న గుండీలు. చివరి గుండీ పెట్టిన రాత్రే గుండెల్లో నొప్పి అంది. ఆసుపత్రిలో చేర్చాం. తేలిగ్గానే ఉందన్నారు. "కోటు వేసి చూడమను దాన్ని. భుజం దగ్గర పట్టేస్తే చెప్పు, వచ్చాక వదులుతా" అంది మంచం మీంచి.

సిగాల్ మర్నాడు పొద్దున్న బడికి వెళ్తూ కొట్టుకొచ్చింది. బయట వాన. కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటోంది. "అక్కా, భుజం దగ్గర సరిగ్గా ఉందే" అంది. అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను.

మా యూదుల్లో పోయినవాళ్లని పూడ్చకుండా ఆ పొద్దు దాటనివ్వరు. మధ్యాహ్నానికల్లా ఊరి బయట శ్మశానంలో ఉన్నాం. వాన ఆగలేదు. ఖననసంఘం వాళ్లలో ఒకావిడ చిన్న చాకు పట్టుకుని, "కూతుళ్లు ఎవరమ్మా?" అంటూ వచ్చింది. ముందు నేను నిలబడ్డాను. నా రవిక మీద ఎడమవైపు, గుండెకి పైన, ఒక గాటు పెట్టింది. పోయినవాళ్ల కోసం ఒంటి మీది బట్ట చింపుకోవడం మా ఆచారం. గాటు పోను మిగతాది ఎవరికి వాళ్లు చేత్తో చింపుకోవాలి. చింపుకున్నాను. పుట్టాక నేను కావాలని చింపిన మొదటి బట్ట అది.

తర్వాత సిగాల్ వానకోటు విప్పింది. లోపల తెల్లగా మెరిసింది.

నాకు కనబడింది. చాకు పట్టుకున్నావిడకీ కనబడింది. ఒక క్షణం చెయ్యి ఆపి నా వైపు చూసింది. సిగాల్ మాత్రం "సత్యంగా తీర్పు చెప్పేవాడికి స్తోత్రం" అని అనాల్సిన మాట అనేసి, ఆవిడ చేతికేసి గుండె ముందుకి పెట్టింది. గాటు పడింది. సిగాల్ రెండు చేతులతో పట్టుకుని లాగింది. చిరుగు బెత్తెడు చాలు. అది ఆగలేదు. రెండో గుండీ దాకా వచ్చేసింది. గుండీ తెగి బురదలో పడింది.

ఏడవలేదది. అప్పుడూ ఏడవలేదు, మట్టి వేసేటప్పుడూ ఏడవలేదు. నేను వంగి ఆ గుండీ ఏరుకుని జేబులో వేసుకున్నాను. దర్జీ వేళ్లు కదా, కింద పడ్డది ఏరకుండా ఉండలేవు.

ఆ తర్వాత సంతాపం పాటించే ఏడు రోజులూ మేమిద్దరం పొట్టి పీటల మీద కూర్చున్నాం. అద్దాలకి దుప్పట్లు కప్పారు. ఏడ్చిన నా మొహం నేను చూసుకునే బాధ తప్పింది, వచ్చినవాళ్లకి తప్పలేదు. చింపుకున్న బట్టతోనే కూర్చోవాలి గనక సిగాల్ ఆ కోటుతోనే కూర్చుంది. మొదటి సాయంత్రం దాని స్నేహితురాలు డిక్లా ఉడికించిన గుడ్లు పట్టుకొచ్చి, దాన్ని చూసి, గిన్నె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు కిందకి చూసుకుంది సిగాల్.

"అక్కా, ఇది నా పెళ్లి కోటు."

"అవునే."

"నువ్వు చూశావా?"

"చూశాను."

అమ్మకి అక్కయ్య సిమి, మా పెద్దమ్మ, పక్కనే ఉంది. మా ఇంట్లో ఆచారాలకి ఆవిడే సుప్రీంకోర్టు. అప్పీలు ఉండదు. "దీన్ని బాగుచెయ్యడానికి లేదమ్మా" అంది నెమ్మదిగా. "అన్నో తమ్ముడో పోతే నెల దాటాక కుట్టుకోవచ్చు. కన్నవాళ్లు పోతే నెల దాటాక కూడా దూరం దూరంగా నాలుగు కచ్చాకుట్లు వేసుకోవడమే. పూర్తిగా కలిపెయ్యకూడదు, ఎప్పటికీ. చిరిగిందని కనబడాలి."

ఊళ్లో చిరుగు ఆనకుండా రఫూ చేసే చెయ్యి ఏదంటే నాదే. అలాంటి నా ముందు ఆ మాట. జేబులో చెయ్యి పెట్టి ఆ గుండీ పట్టుకున్నాను.

ఏడో రోజు లేచాక సిగాల్ కోటు విప్పి నా చేతికిచ్చింది. "నీ దగ్గరుంచు" అంది. అమ్మ సొరుగులో పెట్టాను.

పస్కా పండుగ వచ్చింది, వెళ్లింది. పస్కాకీ వారాల పండుగకీ మధ్య మాలో పెళ్లిళ్లుండవు. అందరూ ఆ తర్వాతి ముహూర్తాల కోసం గౌన్లు తెచ్చి నా మీద పడేస్తారు. కొట్టు నిండా తెల్లటి బట్టలే. ఎవరెవరి పెళ్లికూతుళ్లకో నడుములు బిగిస్తున్నాను, మా ఇంటి పెళ్లికూతురు నడుం కట్టడం లేదు. గౌను తెచ్చుకోలేదు. హాలు వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

ఒక సాయంత్రం డిక్లా ఊడిపడింది. జుట్టు కత్తిరించే పని దానిది. దాని చెవిపోగుల్లోంచి పిల్లి దూరొచ్చు. పెద్దమ్మ అప్పటికే అమ్మ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కాయధాన్యాలు ఏరుతోంది. కొట్టుకొచ్చి కాయధాన్యాలు ఏరడం ఆవిడకి అలవాటు. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు కదా.

"అక్కా, బ్యాచిలరెట్ పార్టీ సంగతేంటి?" అంది డిక్లా. "చలికాలంలోనే అంతా అనుకున్నాం. ఎయిలత్‌లో పడవ, డీజే, రాత్రంతా డాన్సు. పెళ్లికూతురి ముఠా అని బనియన్ల మీద అచ్చు కూడా వేయించేశాను."

"ముఠా నాయకురాలెవరు?"

"నేనే. ఇంకెవరు?"

"ఏడాది తిరక్కుండా డీజేనా?" అంది పెద్దమ్మ తలెత్తకుండా.

"పెళ్లికూతురికి కూడా వద్దా పెద్దమ్మా?"

"పెళ్లికి పరవాలేదు. పెళ్లి పెళ్లే. పడవ పడవే."

"పోనీ పడవ మానేద్దాం. పాట ఒక్కటి…"

"పాట ఒక్కటే కదే వద్దంటున్నది! పడవ ఎక్కితే ఎక్కు, మునిగితే మునుగు."

నేను నవ్వాను. అమ్మ పోయాక ఆ కొట్టులో అదే మొదటి నవ్వు అనుకుంటాను. ఆ నవ్వు మీదకే సిగాల్ లోపలికొచ్చింది, బడి సంచీ భుజానేసుకుని. గుమ్మంలోనే ఆగింది.

"ఏ పార్టీ వద్దు" అంది. "పెళ్లి కూడా వచ్చే ఏడాదికి జరుపుదాం."

డిక్లా చెవిపోగులు కూడా ఊగడం మానేశాయి.

"వాయిద్యాలు వద్దంటే ఒప్పుకుంటానే" అన్నాను. "వాయిదా మాత్రం వద్దు."

"నీకన్నీ జోకులేనా అక్కా?"

"జోకు కాదు…"

"నేను నవ్వితే అమ్మ లేనట్టు ఉంటుంది. పందిరి కింద నిలబడి నవ్వాలి, ఫోటోలకి నవ్వాలి, అందరూ వచ్చి బుగ్గలు గిల్లితే నవ్వాలి. నా వల్ల కాదు."

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. "ఇలా రా అమ్మా. దారిలో శవయాత్రా పెళ్లి ఊరేగింపూ ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలి? శవమే తప్పుకోవాలి. పెళ్లికూతురికే దారివ్వాలి. పెద్దలు అలాగే పెట్టారు."

"ఆ శవం మా అమ్మ, పెద్దమ్మా."

పెద్దమ్మ మళ్లీ చేట తీసుకుంది. ఏరిన గింజలే మళ్లీ ఏరింది.

చివరికి డిక్లాయే బతిమాలింది. పండుగ దాకా ఆలోచించి చెప్పమంది. సిగాల్ సరే అనలేదు, కాదనీ అనలేదు. సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులకి గాదీ వచ్చాడు. కరెంటు పని చేస్తాడు. మా కొట్టు మధ్యలో నిలబడి పైకి చూశాడు.

"వదినా, బల్బు మార్చనా?"

"వెలుగుతూనే ఉందిగా గాదీ."

"మాడిపోయే ముందే మారుద్దామని."

"మాడిపోయేది బల్బు కాదులే, నీ మొహం. కూర్చో."

కూర్చున్నాడు. పెద్ద చేతులు, ఎక్కడ పెట్టుకోవాలో తెలీక టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు. "ఆగమంటే ఆగుతాను వదినా. ఏడాది కాకపోతే రెండేళ్లు. కానీ నన్ను ఆగమంటోందో పొమ్మంటోందో తెలియడం లేదు. ఫోన్ ఎత్తుతుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది. పడుకున్నావా అంటే పడుకున్నానంటుంది. బళ్లో హాజరు పట్టీ చదివినట్టు ఉంటుంది."

"ఏడ్చిందా ఎప్పుడైనా నీ దగ్గర?"

"లేదు. నీ దగ్గర?"

లేదని తలూపాను. వెళ్తూ వెళ్తూ బల్బు మార్చి వెళ్లాడు. పాతది బాగానే ఉంది, అయినా మార్చనిచ్చాను. మనిషికి ఏదో ఒకటి బాగుచెయ్యాలని ఉంటుంది.

ఆ మాట నాకూ వర్తిస్తుందని ఆ శుక్రవారం పొద్దున్న తెలిసింది. కొట్టు షట్టరు సగం దించి, అమ్మ సొరుగు తీశాను.

పెద్దమ్మ చెప్పింది నాకు గుర్తుంది. కానీ నా లెక్క నాది. ఆ చిరుగు తలుచుకున్నప్పుడల్లా దానికి ఆ వాన గుర్తొస్తోంది, అందుకే పందిరి వద్దంటోంది. చిరుగు పోతే భయం పోతుంది. కన్నవాళ్ల కోసం చింపుకున్నది కలపకూడదు, నిజమే. కలిపినట్టు ఎవరికి తెలుస్తుంది? రబ్బీ కంటికి ఆనదు. పైవాడి కంటికి ఆనుతుందంటారా, ఆదాముకీ హవ్వకీ తోలు చొక్కాలు కుట్టిన మొట్టమొదటి దర్జీ ఆయనే. తోటి పనివాడి కష్టం ఆయనకి తెలియదా, ఒక మాటు చూసీ చూడనట్టు పోడా!

కోటు లోపలి మడతలోంచి దారపుపోగులు లాగాను. అమ్మ వాడిన ఉన్నే, అదే తెలుపు. ఒక్కో పోగూ చిరుగుకి అడ్డంగా, కిందా మీదా, కిందా మీదా. ఆపై శుక్రవారాలన్నీ, సాయంత్రం సబ్బాతు దీపాల వేళ ముంచుకొచ్చేదాకా అదే పని. మా ఆయన "వంట లేదా ఇవాళ?" అంటే "దీపాలున్నాయిగా, చూస్తూ కూర్చో" అన్నాను. కళ్లు మండేవి. నా బతుకులో అంత బాగా ఏదీ కుట్టలేదు. జేబులోంచి తీసి దాచిన గుండీ కూడా కడిగి పెట్టాను. అయ్యాక కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టి చూశాను. ఎక్కడ చిరిగిందో నాకే తెలియలేదు.

గర్వంగా ఉంది. అమ్మ కుర్చీ వైపు తిరిగి, "చూశావా" అన్నాను కూడా.

పార్టీ కొట్టులోనే పెట్టాను. పండుగకి ముందు వారంలో ఒక సాయంత్రం. "నీ స్నేహితురాళ్లు టీ తాగడానికి వస్తున్నారు, అంతే. పాట లేదు, డాన్సు లేదు, కనీసం ఈల కూడా లేదు" అంటే సిగాల్ వచ్చింది. కత్తిరించే బల్ల మీద గుడ్డ పరిచి, పుదీనా టీ, బాదం మిఠాయిలు, అక్రోటు కూరిన ఖర్జూరాలు పెట్టాను. ఆడపిల్లలు అరడజను మంది దాకా వచ్చారు, అందరూ ముఠా బనియన్లలో. డిక్లా పెళ్లికూతురి నెత్తిన ప్లాస్టిక్ కిరీటం పెట్టింది. సిగాల్ తియ్యలేదు, అలాగని సరిచేసుకోనూ లేదు. కిరీటం చెవి మీదకి జారిపోగా, రాజ్యం పోయిన రాణిలా కూర్చుంది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి డిక్లా ఫోను లాక్కుని గుండీల డబ్బాలో పడేసింది.

"అయ్యో పెద్దమ్మా, పాటలు పెట్టనుగా!"

"పెట్టవు. దానంతటదే మోగితే?"

ఆట ఒకటి పెట్టారు. గాదీ గురించి ప్రశ్నలు. పెళ్లికూతురు తప్పు చెబితే ఖర్జూరం తినాలి. "గాదీ మొదటిసారి నిన్ను ఎక్కడ చూశాడు?" "బళ్లో, ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు." "అప్పుడేమన్నాడు?" "నిచ్చెన పట్టుకోండి టీచర్ అన్నాడు." అందరూ పడీ పడీ నవ్వారు. సిగాల్ పెదవి చివర చిన్నగా వంగింది. ఆ చిరునవ్వు చూసి, ఇదే సమయం అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో!

సొరుగులోంచి కోటు తెచ్చి దాని ఒళ్లో పెట్టాను.

"వేసుకో" అన్నాను.

అది కోటు విప్పి చూసింది. లేచి వేసుకుంది. ఆడపిల్లలందరూ "అబ్బా" అన్నారు. డిక్లా "అక్కా! అసలు చిరిగిందా ఇది?" అంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, పొగడ్త కోసం.

సిగాల్ కుడిచెయ్యి ఎడమవైపుకి వెళ్లింది. వేళ్లు కాలరు దగ్గర మొదలుపెట్టి కిందకి జరిగాయి. గుండీ దగ్గర ఆగాయి. మళ్లీ పైకి వెళ్లాయి. మళ్లీ కిందకి. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడిమినట్టు తడుముతోంది.

"ఎక్కడుందక్కా?"

"ఏది?"

"నేను చింపింది."

"ఇక లేదే. పోయింది. ఎవ్వరికీ కనబడదు."

"నాకు కూడా కనబడదా?"

అది స్టూలు మీద కూలబడింది. కిరీటం జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఆ రోజు అందరూ ఏడ్చారు. నువ్వు ఏడ్చావు, పెద్దమ్మ ఏడ్చింది, ఎవరో పక్కవీధి వాళ్లు కూడా ఏడ్చారు. నాకు రాలేదక్కా. అమ్మ కోసం ఆ రోజు నేను చేసింది అదొక్కటే. ఈ చేతుల్తో చేసింది." చేతులు చూసుకుంది. "దాన్ని కూడా తీసేశావా?"

అని ఏడ్చింది. చలికాలం నుంచీ ఆగినదంతా అప్పుడొచ్చింది. బనియన్ల పిల్లలు బిగుసుకుపోయారు. పెద్దమ్మ మాత్రం తల తిప్పింది. నా వైపు చూసింది. తిట్టే చూపైతే బాగుండేది. అది కాదు.

నేను బల్ల మీంచి కుట్లు విప్పే ముల్లు తీసుకున్నాను. చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. కోటు దాని ఒంటి మీదే ఉంది. ఎక్కడ కలిపానో నా కంటికి తెలియలేదు. వేళ్లకి తెలుసు. కాలరు దగ్గర మొదటి పోగు తెంపాను. తర్వాత రెండోది. ఒక్కో పోగు తెగుతుంటే చిటుకు చిటుకుమని చప్పుడు. సిగాల్ ఏడుస్తూనే తల వంచి చూస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా కోటు లేచి దిగుతోంది. అది దిగినప్పుడు తెంపుతున్నాను. రెండో గుండీ దాకా వచ్చి ఆగాను. లోపలి నుంచి దాని బడి చొక్కా నీలం రంగు కనబడింది.

సిగాల్ చెయ్యి వచ్చి ఆ చీలిక మీద కూర్చుంది. వేళ్లు రెండంచులూ పట్టుకున్నాయి.

"ఇదిగో" అంది మెల్లగా. నాతో కాదు.

కాసేపటికి పెద్దమ్మ ముక్కు తుడుచుకుని లేచింది. "ఇలా తెరుచుకునే పందిరి కిందకి వెళ్తుందా? నెల దాటి చాలా కాలమైంది. కచ్చాకుట్లు వేసుకోవచ్చు. సూదులు తియ్యి."

"నేను వేస్తా…"

"నువ్వు కాదు. నువ్వు వేస్తే మళ్లీ కనబడకుండా పోతుంది. వీళ్లు వేస్తారు."

"మాకు కుట్టడం రాదు పెద్దమ్మా" అంది డిక్లా.

"అందుకే."

అలా మొదలైంది ఆ పార్టీ. దారం ఏ రంగుదని ఎవరూ అడగలేదు, ఎవరికి ఏది దొరికితే అది. డిక్లా ఎర్రది తీసి, సూదిలోకి ఎక్కించడానికి నాలుక బయట పెట్టి, చెమటలు పట్టి, చివరికి ఎండుగడ్డి కట్ట కట్టినట్టు ఒక కుట్టు వేసింది. "క్షవరం అయితే ఇంకా బాగా చేసేదాన్నే" అంది. సిగాల్ ఏడుపు మధ్యలో ముక్కుతో నవ్వింది. ఒకమ్మాయి పసుపు దారం, ఒకమ్మాయి నీలం. ఒకామె సూది గుచ్చుకుని కెవ్వుమంది. వేసేవాళ్లు ఒక్కొక్కళ్లూ దాని ముందు కూర్చుని, గుండె దగ్గర తల పెట్టి, అమ్మ గురించి ఒక మాట చెప్పారు. ఎవరూ చెప్పమనలేదు. "నా స్కర్టు చించుకుంటే ఇంట్లో తెలీకుండా కుట్టి పెట్టింది." "నాకు ఎప్పుడూ నారింజ తొన ఇచ్చేది." పెద్దమ్మ తన కుట్టు వేస్తూ, "చిన్నప్పుడు నన్ను కొరికింది" అంది. అంతే అంది.

చివరికి కాలరు దగ్గర కాస్త మిగిలింది. నాకు వదిలారు. సూది అందుకున్నాను.

"కుడిచేత్తో వద్దు" అంది పెద్దమ్మ. "నీ కుడిచేతికి చెడగొట్టడం రాదు."

ఎడమచేతికి మార్చుకున్నాను. రెండు కుట్లు వేశాను. ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి. చూసిన దర్జీ ఎవరైనా నా కొట్టు మూయించేవాడు.

సిగాల్ లేచి అద్దం ముందుకి వెళ్లింది. చాలాసేపు చూసుకుంది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టి నడుం దగ్గర కోటు పట్టుకుంది.

"అక్కా, ఇక్కడ వదులైంది. చిక్కాను కదా. రెండు వేళ్లు లోపలికి తియ్యి."

నేను టేపు కోసం వెతికాను. నా మెళ్లోనే ఉంది. పెద్దమ్మ గుండీల డబ్బాలోంచి ఫోను తీసి డిక్లా చేతిలో పెట్టింది. "గాదీకి ఫోన్ చెయ్యి. హాలు వాళ్లతో మాట్లాడమను" అంది.

పెళ్లి రోజు గాలి వేసింది. సముద్రం పక్కన హాలు. నాలుగు కర్రల మీద పందిరి గుడ్డ ఎగిరెగిరిపడుతోంది. సిగాల్‌కి ఒక పక్క పెద్దమ్మా ఒక పక్క నేనూ, చేతుల్లో కొవ్వొత్తులు, ఆరిపోతాయేమోనని నత్తల్లా నడిచాం. పెళ్లికూతురికి ముసుగు వెయ్యడానికి గాదీ ఎదురొచ్చాడు. అతని కళ్లు కోటు మీద ఆ రంగు దారాల దగ్గర ఒకసారి ఆగాయి. అతనికి చెప్పలేదు ఎవరూ. చూపుడువేలితో డిక్లా ఎర్రకుట్టు ముట్టుకుని, ముసుగు దించాడు.

గాదీ తల్లి నా చెవి దగ్గరకొచ్చింది. "అమ్మా ఈవెట్, పిల్ల కోటు ఎక్కడో తగులుకుని చిరిగినట్టుంది. కుట్లు పైకి కనబడుతున్నాయి. నా దగ్గర పిన్నుంది, పెట్టనా?"

"ఉండనివ్వండి" అన్నాను. "అది మా అమ్మ."

ఆవిడ పిన్ను మళ్లీ సంచీలో పెట్టేసుకుని, నా మోచెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది.

పెళ్లి అయిందనే గుర్తుగా గాదీ కాలి కింద గ్లాసు పగిలింది. అందరూ శుభమంటూ అరిచారు. భోజనాల దగ్గర బ్యాండు మొదలవగానే నేను వంటింట్లోకి వెళ్లి ఏప్రన్ కట్టుకున్నాను. ఏడాది లోపు విందులో కూర్చోకూడదు, కానీ వడ్డించేవాళ్లు విందులో ఉన్నట్టు లెక్క కాదు. ఆలివు కాయల పళ్లెం ఎత్తుకున్నాను. వంటాయన, "మీరు పెళ్లికూతురి అక్క కదా, కూర్చోండమ్మా" అన్నాడు. "కూర్చుంటే పాపం, మోస్తే పుణ్యం. ఇటివ్వు" అన్నాను. వంటింటి తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. పళ్లెం పట్టుకుని అక్కడ నిలబడి చూశాను. పందిరి కింద నుంచి రాగానే సిగాల్ కోటు తీసేస్తుందనుకున్నా. తియ్యలేదు. మా పెళ్లిళ్లలో చేసినట్టే దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తారు. రెండు చేతులూ గాల్లోకి లేపి, నోరంతా తెరిచి, భయంతోనో సంతోషంతోనో అరుస్తోంది. అద్దం ఇవతల చప్పుడు వినబడలేదు. చూడ్డానికి ఏ ఆచారమూ అడ్డు చెప్పదు.

పెళ్లి వారం గడిచాక ఒక పొద్దున్న సిగాల్ కొట్టుకొచ్చింది. నెత్తికి కొత్తగా రుమాలు కట్టుకుంది, పెళ్లయిన ఆడదానిలా, వంకరగా. సంచీలోంచి కోటు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కా, డాన్సులో రెండు కుట్లు ఊడిపోయాయి."

"నేను చెప్పలా? ఆ డిక్లాకి కత్తెర తప్ప సూది పట్టడం రాదని."

"డిక్లావి ఇనుములా ఉన్నాయి. ఊడినవి నీవే."

వంగి చూశాను. నిజమే. కాలరు దగ్గర తూర్పుదీ పడమటిదీ రెండూ లేవు.

"ఊరందరికీ దర్జీవి!" అంది సిగాల్. అని నవ్వింది. వీధిలో పోతున్నవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది. నవ్వుతూనే వెళ్లి అమ్మ కుర్చీలో కూర్చుంది. చలికాలం నుంచీ అందులో ఎవరూ కూర్చోలేదు.

నేను సూదిలో దారం ఎక్కించి, ఎడమచేతిలోకి మార్చుకున్నాను. సిగాల్ కుర్చీని కాస్త పక్కకి జరిపింది, కిటికీలోంచి వెలుతురు నా చేతి మీద పడేలా.